బిడ్డలు లేని దంపతులు – మన బాధ్యత

(మేత్రాసన శతవార్షికోత్సవ సన్నాహాలలో భాగంగా సోమశిలలో కూడిన విశ్వాసుల కుటుంబ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన నెల్లూరు మేత్రాసనం 1928లో ఏర్పడింది. ఈ నూరేండ్లలో కట్టిన గుడులు, నడిపిన బడులు, హాస్టళ్లు, దవాఖానాలను గురించి నాకన్న బాగా తెలిసిన పెద్దలు చెబుతారు. నన్ను కుటుంబాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రిటైరైన బడిపంతులు గదా, బిడ్డల పెంపకాన్ని గురించి చెబుతాడులే అని నిర్వాహకులు అనుకొని ఉంటారు. మాకు బిడ్డలు లేరు. కనుక ఆ లేకపోవడాన్ని గురించే మాట్లాడుతాను. నా భార్య అనుమతి తీసికొనే మాట్లాడుతున్నాను. ఆమె మూడవ వరుసలో కూర్చొని ఉన్నది. "చెప్పదలచుకొంటే అంతా చెప్పండి. సగం చెప్పి నన్ను మళ్లీ ఇరికించకండి" అన్నది.

ఈ సోమశిల ఆనకట్ట పని మొదలైన 1975లోనే మా వివాహం జరిగింది. మొదటి ఏడు ఎవరూ ఏమీ అడగలేదు. రెండవ ఏటి నుండి అడగడం మొదలుపెట్టారు. నన్ను కాదు, ఆమెను. నీళ్ల కాడ అడిగారు, పెండ్లిండ్లలో అడిగారు, పూజ అయిపోయి గుడి మెట్లు దిగుతుంటే అడిగారు. మూడవ ఏట వైద్యం మొదలైంది. అది కూడా ఆమెకే. మూడు దినాలు పరగడుపున తాగమని ఒకరు పసరు ఇచ్చారు. అది తాగి వాంతులై రెండు రోజులు మంచం దిగలేదు. మరొకరు నలభై రోజులు ఉప్పులేని కూడు తినమన్నారు. ఎండాకాలంలో ఆ కూడు తిని పొలం పోయి కళ్లు తిరిగి పడిపోయింది. తరువాత ఇంగ్లీషు వైద్యానికి వెళ్లాము. ఒక ఊరి ఆసుపత్రిలో రెండు మార్లు గర్భసంచి శుభ్రం చేశారు. ఎందుకో వారు చెప్పలేదు, మేము అడగలేదు. ఇంకొక చోట గర్భనాళాలు తెరుచుకొని ఉన్నవో లేదో చూడాలని మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. ఆ నొప్పితోనే బస్సులో చోటు దొరకక ఆత్మకూరు దాకా నిలబడి వచ్చింది. మాత్రలు వేసికొన్నంత కాలం ఒళ్లు బరువెక్కి, చిన్న మాటకే కోపమూ ఏడుపూ వచ్చేవి. అవి మందు వలన కూడా వస్తాయని నాకు తెలియదు. 'నీకు ఓర్పు లేదు' అని మందలించేవాణ్ణి.

ఆడవారికి ఇది నేను చెప్పనక్కరలేదు గాని, మగవారి కోసం చెబుతున్నాను. అటువంటి ఇంట్లో నెలకొకసారి ఒక చావు జరుగుతుంది. నాలుగు రోజులు ఆలస్యమైతే ఆశ పుడుతుంది. ఆరో రోజున అది పోతుంది. నా భార్య ఆ రోజున దొడ్లోకి పోయి నీళ్లు తోడుకొనేది. బొక్కెన చప్పుడులో ఏడుపు వినబడదని. నాకు వినబడేది. వినబడనట్లు బడి పుస్తకాలు దిద్దుకొంటూ కూర్చొనేవాణ్ణి.

మొక్కుబడులకు తిరగని చోటు లేదు. వేళాంగణి వెళ్లి, సంతానం కోరేవారు కట్టే చిన్న ఉయ్యాల కట్టి వచ్చాము. నెల్లూరులో బారాషహీద్ దర్గా కాడ రొట్టెల పండుగ మీకందరికీ తెలిసిందే. స్వర్ణాల చెరువులో కోరిక తీరినవారు రొట్టె పంచుతారు, కోరిక ఉన్నవారు అందుకొంటారు. అందులో సంతాన రొట్టె అని ఉన్నది. నాకు తెలియకుండా చెల్లెలిని తోడు తీసికొని పోయి ఆ రొట్టె పట్టింది. స్వాములవారికి తెలిస్తే ఏమంటారోనని పాపసంకీర్తనంలో కూడా చాలా కాలం చెప్పలేదట. ఆ సంగతి నాకు చెప్పిన రోజున నేను నవ్వాను. ఇప్పుడు నవ్వలేను. నీళ్లలో నిలబడి, ఎవరో ఎరుగని తల్లి చేతి రొట్టెను అందుకొన్న ఆ అరగంటలో తనను ఎవరూ గొడ్రాలని అనలేదని ఆమె నాతో అన్నది.

ఇక గుడిలో జరిగినది. ఒక క్రిస్మసు రాత్రి పశువుల పాక అలంకరణ అంతా నా భార్యే చేసింది. నడిరేయి పూజకు ముందు బాలయేసు స్వరూపాన్ని తొట్టిలో పరుండబెట్టాలని చేతిలోకి తీసికొన్నది. ఒక పెద్దమ్మ వచ్చి, "నువ్వొద్దులే అమ్మాయి, బిడ్డల తల్లి ఎవరైనా పెడతారు" అని ఆమె చేతిలో నుండి తీసికొన్నది. ఆ పెద్దమ్మ చెడ్డ మనిషి కాదు. మాకు కష్టం వచ్చినప్పుడు ముందుగా వచ్చిన మనిషి. ఆమెకు అది తప్పని తోచలేదు, అంతే. చుట్టూ ఉన్నవారిలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు, నేను గాయకుల పక్కన నిలబడి చూశాను.

1983లో మద్రాసులో ఒక డాక్టరమ్మ వద్దకు వెళ్లాము. ఎనిమిదేండ్ల కాగితాలన్నీ ఆమె ముందు పెట్టాను. అన్నీ తిరగవేసి, నా వంక చూసి, "మీ రిపోర్టు ఏది?" అన్నది. నా రిపోర్టంటూ ఏదీ లేదు. ఎనిమిదేండ్లలో ఎవరూ అడగలేదు, నేను ఇస్తానని అనలేదు. పరీక్ష చేశారు. మళ్లీ కొన్ని వారాల తరువాత ఇంకొకసారి చేశారు. వీర్యంలో కణాలు లేవు. చిన్నప్పుడు ఏదైనా జబ్బు చేసిందా అని అడిగారు. పదహారవ ఏట నాకు గవదబిళ్లలు వచ్చి, దవడలతో పాటు కింద రెండు వైపులా వాచి, పది రోజులు నడవలేకపోయాను. అది అప్పుడు గుర్తుకు వచ్చింది. గవదబిళ్లలు వచ్చిన మగపిల్లలలో చాలామందికి ఏమీ కాదు. కొందరికి ఇట్లా అవుతుంది.

నా భార్య బయట బల్ల మీద కూర్చొని ఉన్నది. బయటికి వచ్చి, "ఇద్దరికీ ఏ లోపమూ లేదన్నారు, దేవుని చిత్తం" అని చెప్పాను. రిపోర్టు చొక్కా లోపలి జేబులో పెట్టుకొన్నాను.

ఏడాది ఏడు నెలలు దాచాను. ఈ మాట చెప్పడానికే ఈనాడు ఇక్కడ నిలబడ్డాను. ఆ కాలంలో మా అమ్మ నన్ను పక్కకు పిలిచి, "వేరే సంబంధం ఏమన్నా చూద్దామా నాయనా" అన్నది. గుడిలో కట్టిన తాళి, అది కుదరదమ్మా అన్నాను. లోపం నాది అని అనలేదు. ఊరిలో నాకు భార్యను వదలని మంచివాడనే పేరు కూడా వచ్చింది. ఆ పేరును నేను వద్దనలేదు. చివరకు ఒక రాత్రి, ఆమె మరొక నాటుమందు పొట్లం విప్పుతుంటే ఉండబట్టలేక చెప్పాను. చాలాసేపు పలకలేదు. తరువాత ఒకే ప్రశ్న అడిగింది. "పోయిన వేసవిలో నాకు ఆ కషాయం తాగించేటప్పుడు కూడా మీకు తెలుసునా?" తెలుసునన్నాను. ఆ పిమ్మట పది దినాలు నాకు అన్నం పెట్టింది గాని మాట పెట్టలేదు.

నేను చెప్పవచ్చినది ఇదే. బిడ్డలు లేకపోవడం ఇద్దరి కష్టం. దానిని మనం ఒక్కరి నెత్తిన పెడుతున్నాము. మన భాషలో గొడ్రాలు అనే మాట ఉన్నది. మగవానికి అటువంటి మాట మన ఊళ్లలో నేను వినలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం, పెద్దవారిలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బందిని ఎదుర్కొంటున్నారు. అటువంటి దంపతులలో సుమారు సగం మందిలో, పూర్తిగానో కొంతగానో, మగవాని వైపు కారణం ఉంటుందని వైద్యులు చెబుతారు. అయినా నేటికీ ముందుగా ఆసుపత్రికి నడిచేది ఆడపిల్లే.

పెద్దల సభ గనుక ఈ సంగతి విప్పి చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. మగతనం వేరు, వీర్యకణాలు వేరు. కాపురంలో ఏ లోటూ లేనివానికి కూడా కణాలు తక్కువగా ఉండవచ్చు, అసలే లేకపోవచ్చు. కంటికి తెలియదు. మగవాని పరీక్షకు కోత లేదు, సూది లేదు, మత్తు లేదు. రెండు నుండి ఏడు రోజులు ఎడంగా ఉండి, నమూనా ఇచ్చి వస్తే చాలు. ఆడవారికి చేసే పరీక్షలతో పోలిస్తే ఖర్చు కూడా స్వల్పం. మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలకు తగ్గితే తక్కువ కింద చూస్తారు. ఒకసారి తక్కువ వచ్చిందని గుండె పగలనక్కరలేదు. కణం తయారు కావడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది కనుక, మధ్యలో పెద్ద జ్వరం వచ్చినా లెక్క తగ్గుతుంది. మళ్లీ చూడాలి. వృషణాల వద్ద సిరలు ఉబ్బడం వంటి కొన్ని కారణాలకు చికిత్స ఉన్నది. పొగాకు మానడం మన చేతిలోనే ఉన్నది. పొగాకు పండించే మన మెట్ట ప్రాంతంలో ఈ మాటంటే కొందరికి నచ్చదు గాని, అనక తప్పదు.

ఆడవారి వైపు కారణాలు లేవని కాదు. అండం నెలనెలా విడుదల కాకపోవడం, థైరాయిడు, గర్భనాళాలు మూసుకొనిపోవడం ఉంటాయి. మన దేశంలో ఆ మూసుకొనిపోవడానికి క్షయ కూడా ఒక ముఖ్య కారణం. దగ్గు లేకుండానే క్షయ గర్భాశయాన్ని పట్టగలదు. ముప్పై అయిదు దాటిన తరువాత అవకాశం తగ్గుతూ వస్తుంది కనుక మొక్కుబడులలో ఏండ్లు గడపకూడదు. కలిసి కాపురం చేసిన ఒక సంవత్సరంలో గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి వైద్యుని వద్దకు వెళ్లాలి. స్త్రీకి ముప్పై అయిదు దాటి ఉంటే ఆరు నెలలకే వెళ్లాలి.

కలిసి కాపురం చేసిన అన్నాను. ఆ మాట మన ప్రాంతానికి ముఖ్యం. ఇక్కడి పిల్లలు కువైటుకు, ఇతర గల్ఫు దేశాలకు పోతారు. రెండేండ్లకు ఒకసారి రెండు నెలల సెలవు మీద వస్తాడు. పెండ్లై అయిదేండ్లైనా కడుపు పండలేదని కోడలిని అత్త ఆడిపోసుకొంటుంది. లెక్క వేసి చూడండి. ఆ అయిదేండ్లలో వారు కలిసి ఉన్నది నాలుగైదు నెలలు. ఆ పిల్ల బిడ్డను ఎట్లా కంటుంది?

మన గ్రంథంలో బిడ్డలు లేని తల్లులు చాలామంది ఉన్నారు. సారా, రాహేలు, హన్నా, ఎలిశబేతు. వారి కథలు అన్నీ బిడ్డతో ముగుస్తాయి. మనం ప్రసంగాలలో ఆ ముగింపునే చెబుతాము. విశ్వాసం ఉంటే నీకూ ఇస్తాడు అంటాము. వినేవారిలో ఇరవై ఏండ్లుగా ప్రార్థించి బిడ్డ కలుగని స్త్రీ ఉంటే, తన విశ్వాసమే చాలలేదని అనుకొని ఇంటికి పోతుంది. హన్నా కథలో నేను ముగింపు కన్న మధ్య భాగాన్ని ఎక్కువ చదువుతాను. సవతి పెనిన్నా పండుగ పండుగకూ ఆమెను పొడిచేది. హన్నా అన్నం ముట్టేది కాదు. భర్త ఎల్కానా ప్రేమ కలవాడే గాని, తాను ఉండగా ఆమెకు దిగులెందుకో అతనికి అర్థం కాలేదు. దేవాలయంలో ఆమె పెదవులు కదులుతున్నవి, శబ్దం రావడం లేదు. యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకొని కోప్పడ్డాడు. అంటే దుఃఖంతో గుడికి వచ్చిన మనిషికి గుడిలోనే మొదటి దెబ్బ తగిలింది. కాని ఆమె సమాధానం చెప్పిన తరువాత ఏలీ తన మాట మార్చుకొన్నాడు, దీవించి పంపాడు. ఆమె లేచి అన్నం తిన్నది. గమనించండి, బిడ్డ అప్పటికి ఇంకా కడుపున పడలేదు. తన మాట ఒకరు విన్నారు, అంతే.

ప్రతి జూలై 26న మనం స్మరించుకొనే జ్వాకీము, అన్నమ్మలను గురించి కూడా, బైబులులో లేని ఒక ప్రాచీన గ్రంథంలో ఇటువంటి సంగతే ఉన్నది. సంతానం లేదన్న కారణంగా జ్వాకీమును దేవాలయంలో కానుక ఇవ్వకుండా అడ్డగించారట. మరియతల్లి పుట్టిన ఇంటికే ఆ అవమానం తప్పలేదు.

ఇప్పటి వైద్యాన్ని గురించి కొంత చెప్పాలి. పట్టణాలలో సంతాన సాఫల్య కేంద్రాలు వీధికొకటి వెలిశాయి. అప్పు చేసి, పొలం కుదువబెట్టి వెళ్తున్నవారున్నారు. 2019 సెప్టెంబరు 5న గుంటూరులో, డెబ్బై ఏండ్లు దాటిన ఒక తూర్పు గోదావరి స్త్రీ ఆ విధానంలో కవల ఆడపిల్లలను కన్నది. 57 ఏండ్ల కాపురం తరువాత. పత్రికలు వింతగా రాశాయి, వైద్యులు కొందరు తప్పుపట్టారు. నేను ఆమెను తప్పుపట్టలేను. అర్ధశతాబ్దం పాటు ఇరుగుపొరుగు చూపులు పడిన మనిషి ఆ వయసులో ఒంటిని ఆ పరీక్షకు పెట్టిందంటే, ఆ చూపులు ఎంత బరువో తెలుస్తుంది. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఈ చికిత్సకు స్త్రీకి 50, పురుషునికి 55 ఏండ్లు హద్దు. కేంద్రం రిజిస్టరై ఉండాలి. ఆ పత్రం చూపమని అడిగే హక్కు మీకున్నది, సిగ్గుపడకుండా అడగండి. 2025లో సికింద్రాబాదులో ఒక కేంద్రం, అద్దెగర్భం ద్వారా మీ బిడ్డే పుట్టిందని చెప్పి, లక్షలు తీసికొని వేరొకరి పసికందును దంపతుల చేతిలో పెట్టిందని పోలీసులు కేసు పెట్టారు. డిఎన్ఎ పరీక్షలో అది బయటపడింది.

తిరుసభ బోధ ఏమిటని అడుగుతారు. 1987లో రోము నుండి వెలువడిన ఉపదేశ పత్రం దంపతుల కలయికకు తోడ్పడే చికిత్సను అంగీకరించింది. ఆ కలయిక స్థానంలో ప్రయోగశాలలో పిండాన్ని తయారుచేయడాన్ని అంగీకరించలేదు. 2008లోనూ అదే చెప్పారు. మందులు, శస్త్రచికిత్స, హార్మోను వైద్యం వంటివాటికి అభ్యంతరం లేదు. నేను వేదాంతిని కాను, సందేహాలు గురువులను అడగండి. ఒక్కటి మాత్రం విశ్వాసిగా చెబుతాను. ఆ మార్గంలో పుట్టిన బిడ్డ జ్ఞానస్నానానికి వచ్చినప్పుడు, ఎట్లా పుట్టిందని గుసగుసలాడే పని మనకు లేదు.

దత్తత సంగతి నాకు ఇంకా నొప్పి. 1985లో ఒక బిడ్డను తెచ్చుకొందామని వకీలును కలిశాము. 1956 నాటి దత్తత చట్టం హిందువులకే గాని క్రైస్తవులకు వర్తించదని, 1890 నాటి చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే ఉండవచ్చునని, బిడ్డ మేజరైతే ఆ బంధం కాగితం మీద తీరిపోతుందని చెప్పాడు. ఇంట్లోవారు 'ఎవరి నెత్తురో' అన్నారు. వెనుకకు తగ్గాము. ఇప్పుడు ఆ అడ్డు లేదు. 2000లో వచ్చి 2006లో సవరించిన బాలల న్యాయ చట్టం, తరువాత 2015 నాటి చట్టం ఏ మతంవారైనా పూర్తి దత్తత తీసికొనే వీలు కల్పించినవి. 2014లో సుప్రీంకోర్టు కూడా ఆ హక్కును స్పష్టం చేసింది. దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ సంస్థ ద్వారానే జరగాలి. జిల్లా బాలల సంరక్షణ విభాగం దారి చూపుతుంది. 2022 నుండి దత్తత ఉత్తర్వు కలెక్టరు ఇస్తారు. రెండేండ్ల లోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు. ఎదురుచూపు ఏండ్ల తరబడి ఉంటుంది కనుక ఆలస్యం చేయవద్దు. బంధువుల బిడ్డను పెంచుకొన్నా కాగితం చేయించండి. ఆసుపత్రి ఆయా చేతి మీదుగా, దళారి చేతి మీదుగా బిడ్డను తెచ్చుకోవద్దు. అది నేరం.

ఇక్కడి పెద్దలకు నా మనవి కొంచెమే. ఎంతమంది పిల్లలు అన్న ప్రశ్నను పలకరింపుగా వాడకండి. చెప్పదలచినవారు వారే చెబుతారు. శ్రీమంతానికి, ఉయ్యాల పండుగకు బిడ్డలు లేని ఆడపడుచును పిలవండి. రావడం మానడం ఆమె ఇష్టం. కొన్ని రోజులు రాలేదు, దానికి అలగకండి. వివాహ సిద్ధపాటు తరగతులలో ఉపదేశులు ఈ పరీక్షల మాట కూడా ఒకటి చెబితే బాగుంటుంది. మా కాలంలో ఎవరైనా చెప్పి ఉంటే ఎనిమిదేండ్ల పసరు మందు తప్పేది.

మేమెట్లా నెగ్గుకొచ్చామని కొందరు యువకులు అడిగారు. నెగ్గామని అనలేను. నిజం బయటపడిన తరువాత తేలిక మాత్రం అయింది. నా భార్య మందులన్నీ మానేసింది. ఒళ్లు కుదుటపడింది. మా అమ్మకు నేనే చెప్పాను. ఆమె నెల రోజులు నమ్మలేదు. నమ్మిన తరువాత కోడలితో ఏమీ అనలేదు గాని, వేళకు అన్నం తిన్నదా అని అడగడం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఎవరింటనైనా పసిబిడ్డను ఒళ్లో పెడితే నా భార్య ఎంతో సంతోషంగా ఆడిస్తుంది. ఇంటికి వచ్చిన తరువాత కొంతసేపు మాట్లాడదు. యాభై ఏండ్ల తరువాత కూడా. నేను ఇప్పుడు పుస్తకం మూసి వెళ్లి పక్కన కూర్చొంటాను.

మధ్యాహ్నం భోజనాలైన తరువాత మేమిద్దరం గుడి వెనుక వేపచెట్టు కింద ఉంటాము. ఆడవారు ఆమెతో, మగవారు నాతో మాట్లాడవచ్చు. పరీక్ష ఎక్కడ చేయించుకోవాలో, దత్తతకు ఏ కాగితాలు కావాలో ఒక కాగితం మీద రాసి తెచ్చాను. అడగడానికి సిగ్గైతే, ఏమీ అడగకుండా ఆ కాగితం తీసికొని పోవచ్చు.